అంగారకుడి అగ్నిపర్వతాల సీమ థార్సిస్: కడప, కర్నూలు, అనంతపురం జనం తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో డిగ్రీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్తుంటాను. ఏటా చలికాలంలో వాళ్లను వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి దారుల్లో రాళ్ల దగ్గరికి తీసుకుపోతాను. పొద్దుగూకినాక మబ్బు లేకుంటే ఏదో ఒక ఊరి బడి ఆవరణలో టెలిస్కోపు నిలబెడతాం. చుట్టుపక్కల జనం కూడా వస్తారు. అంగారకుడు కనబడే నెలల్లో వాళ్లు అడిగే ప్రశ్నలను ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఎక్కువసార్లు వచ్చినవి ఇవి. ప్రశ్నలను వీలైనంత వరకు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

థార్సిస్ అంటే ఏంది సార్? కొండ పేరా?

కొండ కాదు, సీమ. అంగారకుడి పడమటి అర్ధగోళంలో, మధ్యరేఖకు అటూ ఇటూ ఉబ్బి లేచిన మహా పీఠభూమి. అడ్డం సుమారు 5,000 కి.మీ. ఆ గ్రహం పైతలంలో దాదాపు నాలుగో వంతు దీని కిందికే వస్తుంది. చుట్టూ ఉన్న నేలకంటే 7 కి.మీ. దాకా ఎత్తు. ఆ ఎత్తు మీద మళ్లీ అగ్నిపర్వతాలు.

మూడు పెద్దవి ఒకే గీత మీద, నైరుతి నుంచి ఈశాన్యానికి వరుసగా నిలబడి ఉంటాయి: ఆర్సియా, పవోనిస్, ఆస్క్రేయస్. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 700 కి.మీ. దూరం. పవోనిస్ అంటే లాటిన్‌లో నెమలిది అని అర్థం, అందుకే పిల్లలకు ‘నెమలికొండ’ అని చెప్తాను. అది దాదాపు మధ్యరేఖ మీదే ఉంది. ఈ వరుసకు వాయవ్యాన, సీమ అంచున ఒలింపస్ మాన్స్. ఉత్తరాన ఆల్బా మాన్స్, ఎత్తు తక్కువ, విస్తీర్ణం మాత్రం విపరీతం.

ఒలింపస్ మాన్స్ ఎంత పెద్దది? మనకు తెలిసిన కొలతల్లో చెప్పండి.

ఎత్తు దాదాపు 22 కి.మీ. ఎవరెస్టుకు రెండున్నర రెట్లు. కానీ ఎత్తు కంటే దాని పరుపు చూడాలి. అడుగున అడ్డం సుమారు 600 కి.మీ. మ్యాపులో కర్నూలు నుంచి విశాఖపట్నానికి స్కేలు పెట్టి గీత గీస్తే సుమారు 590 కి.మీ. వస్తుంది. ఆ గీత పొడవునా ఒకటే కొండ అనుకోండి. విస్తీర్ణం లెక్క వేస్తే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినంత. పైన ఉన్న నోరు, అంటే కాల్డెరా, ఒక పక్క 60, ఇంకో పక్క 80 కి.మీ. కర్నూలు నుంచి నంద్యాలకు నేరుగా కొలిస్తే 60 కి.మీ. అంత అడ్డమున్న గుంటలో ఒకదాన్నొకటి కోసుకున్న ఆరు గుంటలు కనబడతాయి. లావా బయటికి పోయినప్పుడల్లా కింద ఖాళీ అయిన చోట కప్పు కూలిందన్నమాట. ఆరుసార్లు కూలింది.

అంత పెద్దగా ఎట్లా పెరిగింది? మన భూమి మీద ఎందుకు పెరగలేదు?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. దోసెల పెనం పక్కన నిలబడి చెప్పగలిగిన జవాబు ఉంది.

గరిటె ఒకేచోట పట్టుకొని పిండి పోస్తున్నారనుకోండి. కింద పెనాన్ని ఎవరో మెల్లగా పక్కకు లాగుతుంటే దోసెలు వరుసగా పడతాయి. పెనం కదలకపోతే దోసె మీద దోసె పడి గుట్ట అవుతుంది. భూమి పైపెంకు పలకలు పలకలుగా విడిపోయి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు కదులుతూ ఉంటుంది. పైపెంకు కిందుండే మాంటిల్ అనే మందపాటి వేడి పొర నుంచి వేడి పైకి తన్నే చోటు ఒక్కటే అయినా, పైన పలక జరిగిపోతుంది కాబట్టి కొత్త కొండ పక్కన పుడుతుంది. పసిఫిక్ సముద్రంలో హవాయి దీవులు అట్లా వరుసగా పడిన దోసెలే. అంగారకుడికి అలా కదిలే పలకలు లేవు. వందల కోట్ల ఏళ్లు వేడి ఒకేచోట తన్నింది, లావా ఒకేచోట పేరుకుంది.

దీనికి ఇంకో రెండు కారణాలు తోడయ్యాయి. అక్కడ గురుత్వాకర్షణ మనదాంట్లో 38 శాతమే, కొండ తన బరువుకు తాను కుంగే బాధ తక్కువ. పైగా అంగారకుడు చిన్న గ్రహం కావడంతో త్వరగా చల్లారాడు, పైపెంకు మందంగా గట్టిపడింది. అంత బరువును మోయడానికి గట్టి నేల దొరికింది. హవాయిలోని మౌనా లోవా మన భూమి మీది మహా అగ్నిపర్వతాల్లో ఒకటి, సముద్రపు అడుగు నుంచి 9 కి.మీ. లేస్తుంది. ఒలింపస్‌లో ఉన్న రాయి దానికి సుమారు వంద రెట్లు.

ఆ కొండ దగ్గర నిలబడితే హిమాలయం మాదిరి కనబడుతుందా?

కనబడదు. అసలు కొండ మీద ఉన్నామనే తెలియదు. దాని వాలు సగటున 5 డిగ్రీలే, ఎద్దులబండి తోలుకుంటూ ఎక్కదగిన మెరక. అంగారకుడు చిన్న గోళం కాబట్టి మనిషి కంటి ఎత్తు నుంచి దిగంతం దాదాపు 3.4 కి.మీ. దూరంలోనే ఉంటుంది. వందల కిలోమీటర్ల కొండలో మీ కంటికి ఆనేది ఆ ముక్కే. ఒక్క అంచు దగ్గర మాత్రం గుండె జల్లుమంటుంది. కొండ చుట్టూ నేల ఒక్కసారిగా తెగి, కొన్నిచోట్ల 8 కి.మీ. లోతుకు దిగే చరియ ఉంది. అంచులు విరిగి జారిన రాళ్లపోగులు కొండ చుట్టూ వందల కిలోమీటర్లు పరుచుకుని ఉన్నాయి.

లావా పేలి ఎగిరిందా, పారిందా?

థార్సిస్‌లో ఎక్కువ కథ పారుడుదే.

బెల్లం పాకం కాచినవాళ్లకు ఇది సులువుగా తెలుస్తుంది. లేతపాకం పళ్లెంలో పోస్తే అంచుదాకా పరుచుకుంటుంది. ముదురుపాకం పోసినచోటే ముద్ద కడుతుంది. లావాలో ఆ ముదురుదనం తెచ్చేది సిలికా. సిలికా తక్కువ, ఇనుము, మెగ్నీషియం ఎక్కువ ఉన్న లావా పల్చగా పారుతుంది, చల్లారితే బసాల్టు అనే నల్లరాయి అవుతుంది. అంగారకుడి పెద్ద కొండలన్నీ ప్రధానంగా బసాల్టువే. అందుకే బోర్లించిన డాలులా చదునుగా ఉంటాయి. ఒక్కో లావా పాయ వందల కిలోమీటర్లు పారిన ఆనవాళ్లు ఫొటోల్లో కనబడతాయి.

పల్చని లావా ఎట్లా ఉంటుందో చేత్తో పట్టుకుని చూడాలంటే వేంపల్లె వైపు రండి. అక్కడి సున్నపురాతి పొరల పైభాగాన పాత బసాల్టు పారిన జాడలు ఉన్నాయి. సుత్తితో ఒక పెచ్చు కొడితే లోపల ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు. అందులో కందిగింజంత, అక్కడక్కడ చింతగింజంత తెల్లటి చుక్కలు. పిల్లలు మొదట వాటిని సున్నపు చిందులనుకుంటారు. అవి గాలిబుడగలు. లావా చల్లారుతున్నప్పుడు లోపలి వాయువు పైకి పోలేక ఇరుక్కుపోయింది, తర్వాత కోట్ల ఏళ్లలో ఆ ఖాళీల్లోకి నీళ్లు ఊరి కాల్సైటు, స్ఫటికం నింపాయి. వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తే కాల్సైటు చుక్క మీద మెరుపు కనబడుతుంది. ఒకే రాతిలో బుడగలు ఎటువైపు ఎక్కువున్నాయో చూసి పారుడుకు పైభాగం ఏదో చెప్పొచ్చు. పెరుగు మీద నురుగు తేలినట్టు బుడగలు పైకే చేరతాయి.

మన రాయలసీమలో కూడా అగ్నిపర్వతాలు ఉండేవా?

ఉండేవి. ఈ మాట చెప్పగానే జనం దూరంగా కనబడే గుట్టలకేసి చూసి ‘ఏదీ?’ అంటారు. ఆ గుట్టల్లో నోరున్న కొండ ఒక్కటీ మిగల్లేదు. మనకు మిగిలింది వేర్లే. అంగారకుడి మీద మాత్రం చెట్టు చెట్టుగానే నిలబడి ఉంది. నేను చెప్పేదంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

కడప బేసిన్ అని పుస్తకాల్లో చదివే ప్రాంతం నెలవంక ఆకారంలో సుమారు 44,500 చదరపు కి.మీ. మేర పరుచుకున్న అతి పాత పల్లపు నేల. 1872లోనే విలియం కింగ్ భారత భూగర్భ సర్వే కోసం కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద నివేదిక రాశాడు. ఆ పల్లంలో ఇసుక, బురద, సున్నం పొరలు పేరుకుంటున్న కాలంలోనే కింద నుంచి శిలాద్రవం తన్నుకొచ్చింది. కొంత పైకి వచ్చి పారింది. కొంత పొరల మధ్య అడ్డంగా దూరి అక్కడే గడ్డకట్టింది, దాన్ని సిల్ అంటాం. పులివెందుల దగ్గరి సిల్ వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని తేలింది. తాడిపత్రి చుట్టుపక్కల షేలు, అంటే బురద గట్టిపడిన రాతి పొరల మధ్యా ఇలాంటి నల్లపట్టీలు ఉన్నాయి. ఆ వేడి పక్కనున్న డోలమైటు అనే సున్నపురాతి రకాన్ని ఎట్లా ఉడికించిందో పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె పాత గనుల్లో చూడొచ్చు, అక్కడ ఒకప్పుడు తవ్విన రాతినార ఆ ఉడుకులో పుట్టినదే. మంగంపేట ముగ్గురాయి పొరలు కూడా అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన టఫ్ రాళ్లతో కలిసే ఉన్నాయి.

అనంతపురం వైపు పోతే ఇంకో రకం వేరు. బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు, తెల్లటి, గులాబీ రంగు గ్రానైటు నేల మధ్య నల్లరాళ్లు గోడ కట్టినట్టు తిన్నగా కిలోమీటర్ల కొద్దీ సాగుతుంటాయి. అవి డైకులు. నేల నిలువునా చీలితే ఆ చీలికలో శిలాద్రవం నిండి గడ్డకట్టిన గోడలు. ఒకప్పుడు నేల కింద లోతులో ఉన్నవి. పైనున్న నేలంతా వానకూ, ఎండకూ, ఏర్లకూ అరిగి కొట్టుకుపోయాక బయటపడ్డాయి.

ఇప్పుడు థార్సిస్ ఫొటో చూడండి. ఆ సీమ నుంచి బండి చక్రపు ఆకుల్లాగా నలుదిక్కులకూ, కొన్నయితే వేల కిలోమీటర్లు, సన్నని పొడవాటి నేలకుంగుళ్లు పోతాయి. మెమ్నోనియా, సిరెనమ్ అని పేర్లు. వాటిలో చాలావాటి కింద డైకులు ఉన్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. అక్కడ నేల అరగలేదు కాబట్టి గోడ కనబడదు, గోడ దూరినప్పుడు పైన నేల కుంగిన గాడి మాత్రమే కనబడుతుంది. అనంతపురంలో గోడ కనబడుతుంది, గాడి ఏనాడో పోయింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే మొత్తం బొమ్మ పూర్తవుతుంది.

వజ్రకరూరు మాదిరి అక్కడా వజ్రాలు దొరుకుతాయా?

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం తలలు వంచుకుని తిరిగే మనుషుల్ని చూసినవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు. వజ్రకరూరు కింబర్లైటు గొట్టాలు కూడా అగ్నిపర్వతపు గొంతులే, సుమారు 110 కోట్ల ఏళ్లనాటివి. అయితే వాటి పద్ధతి వేరు. నూటయాభై కి.మీ. పైచిలుకు లోతులో, గట్టి పాత నేల కింద పుట్టిన వజ్రాలను, వాయువుతో పొంగిన శిలాద్రవం గంటల్లోనో రోజుల్లోనో పైకి ఎగజిమ్మింది. నెమ్మదిగా వచ్చుంటే దారిలోనే వజ్రం చెడిపోయేది. థార్సిస్ లావాది తీరుబడిగా పొంగి పారే స్వభావం. అంగారకుడి మీద ఇంతవరకు అలాంటి వజ్రపు గొట్టం ఒక్కటీ కనబడలేదు.

అక్కడ పెద్ద లోయ ఉందట కదా, మన గండికోట లాంటిదేనా?

చూపుకు పోలిక ఉంది, పుట్టుకలో లేదు. గండికోటలో పెన్నా నది ఎర్రమల కొండల గట్టి క్వార్ట్‌జైటును కోసుకుంటూ పోయింది. నీరు కోసిన లోయ అది. థార్సిస్‌కు తూర్పున మొదలయ్యే వాలెస్ మారినెరిస్ 4,000 కి.మీ. పొడవు, కొన్నిచోట్ల 200 కి.మీ. వెడల్పు, 7 కి.మీ. దాకా లోతు. అది ప్రధానంగా నేల చీలి, మధ్యభాగం కుంగడం వల్ల వచ్చింది. థార్సిస్ ఉబ్బు బరువుకు గ్రహం పైపెంకు సాగి చిట్లింది. తర్వాత అంచులు విరిగిపడి, కొండచరియలు జారి లోయ ఇంకా వెడల్పయింది. దాని పడమటి కొసన నోక్టిస్ లాబిరింథస్ అనే చిక్కుదారుల నేల ఉంది. ఎండిన చెరువు అడుగున మట్టి పెళ్లలు పెళ్లలుగా పగిలిన తీరు గుర్తొస్తుంది, ఒక్కో పగులు కిలోమీటర్ల వెడల్పు.

బెలూం గుహల్లాంటివి అంగారకుడి మీద ఉన్నాయా?

గుహలు ఉన్నాయి, బెలూం లాంటివి కావు. కొలిమిగుండ్ల దగ్గరి బెలూం 3 కి.మీ. పైగా పొడవున్న సున్నపురాతి గుహ. వాననీటిలోని మెత్తటి ఆమ్లం లక్షల ఏళ్లు రాయిని కరిగించి ఆ దారులు చేసింది. లోపల ఉక్కపోతకు చొక్కా తడిసిన అనుభవం అందరికీ ఉంటుంది.

లావా గుహ పుట్టే పద్ధతి వేరు. పారే లావా పైన గాలికి చల్లారి పెచ్చు కడుతుంది, లోపల మాత్రం వేడిగా పారుతూనే ఉంటుంది. పైనుంచి వచ్చే లావా ఆగిపోతే లోపలిది దిగువకు జారిపోయి ఖాళీ గొట్టం మిగులుతుంది. అలాంటి ఖాళీల మీద కప్పు కూలిన గుంటలుగా భావిస్తున్న ఏడు నల్లని రంధ్రాలను ఆర్సియా వాలు మీద 2007లో గుర్తించారు. ఒక్కోటి 100 నుంచి 250 మీటర్ల అడ్డం. వాటిని ‘ఏడుగురు అక్కచెల్లెళ్లు’ అంటారు. రేపు మనిషి అక్కడికి పోతే రేడియేషన్ నుంచి, ఉల్కల నుంచి తల దాచుకోవడానికి ఇలాంటి గొట్టాలే ఇళ్లవుతాయని చాలామంది నమ్మకం. నాకూ అదే అనిపిస్తుంది.

అంగారకుడు ఎర్రగా ఉండేది ఆ అగ్నిపర్వతాల నిప్పు వల్లా?

కాదు, తుప్పు వల్ల. అంగారం అంటే నిప్పుకణిక అనే పేరు పెద్దలు రంగు చూసి పెట్టారు. ఎరుపంతా పైన పరుచుకున్న ఇనుప తుప్పు దుమ్ము. అనంతపురం వేరుశనగ చేల ఎర్రమట్టికి ఆ రంగు ఇచ్చేదీ ఇనుమే. ఒక డైకు గుండును పగలగొట్టి చూడండి. ఉల్లిపొర మాదిరి ఊడే పైపెంకు గోధుమ ఎరుపు, లోపల నిగనిగలాడే నలుపు. అంగారకుడూ అంతే, పైన ఎర్రదుమ్ము, లోన నల్లరాయి.

సార్, మా పాపకు కుజదోషం ఉందంటున్నారు. ఆ కొండల ప్రభావం ఏమన్నా ఉంటుందా?

ఈ మాట ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి అడిగింది. అమ్మా, ఆ గ్రహం రాయి గురించి నాకు తెలిసినంతలో చెప్తున్నాను: అది చల్లారిన బసాల్టు, దాని మీద తుప్పు దుమ్ము. మనకు అత్యంత దగ్గరికి వచ్చినప్పుడు కూడా 5 కోట్ల కి.మీ. పైన దూరంలో ఉంటుంది. మీ పాప పెళ్లిని ఆ రాయి ఏమీ చెయ్యలేదు. టెలిస్కోపులో ఒకసారి పాపకే చూపించండి.

అక్కడికి పోకుండానే కొండల వయసు ఎట్లా చెప్తారు?

గుంటలు లెక్కపెట్టి. కొత్తగా తారు వేసిన రోడ్డు నున్నగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ గుంతలు పెరుగుతాయి. ఉల్కలు ఏకధాటిగా పడుతూనే ఉంటాయి కాబట్టి గుంటలు ఎక్కువున్న నేల పాతది, తక్కువున్నది కొత్తది. ఎన్ని గుంటలకు ఎన్నేళ్లు అనే కొలతకు ఆధారం చంద్రుడి నుంచి అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్లు. వాటి వయసు ప్రయోగశాలలో తేలింది, వాటిని తెచ్చిన చోట గుంటలు లెక్కపెట్టారు. దాన్నే సర్దుబాటు చేసి అంగారకుడికి వాడతారు. ఇందులో హెచ్చుతగ్గులకు చోటుంది, కచ్చితమైన జన్మదినం రాదు.

ఈ లెక్క ప్రకారం థార్సిస్ ఉబ్బు చాలావరకు 370 కోట్ల ఏళ్ల కిందటికే తయారైంది. మన కడప రాళ్లు అప్పటికి పుట్టనే లేదు. కానీ అక్కడ నిప్పు ఆగలేదు. ఆర్సియా నోటి లోపల 29 చిన్న రంధ్రాలు గుర్తించారు, వాటి లావా జోరుగా పారింది సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట, చివరగా పారింది 5 కోట్ల ఏళ్ల ప్రాంతంలో. ఒలింపస్ అంచు మీద కొన్ని పాయలకు 20 లక్షల ఏళ్ల వయసే వచ్చింది. కొండ వయసుతో పోలిస్తే అది నిన్న సాయంత్రం.

అయితే ఇంకా లోపల నిప్పు ఉందా?

వేడి ఉంది. మనుషులు ఆకాశాన్ని యంత్రాలతో చూడడం మొదలుపెట్టాక అక్కడ లావా చిమ్మడం ఎవరూ చూడలేదు. 2018 నవంబరులో దిగిన ఇన్‌సైట్ అనే నౌక నేల అదురును కొలిచే యంత్రం పెట్టి వెయ్యికి పైగా ప్రకంపనలు నమోదు చేసింది. 2022 మే 4న వచ్చినది అన్నిటికంటే పెద్దది, తీవ్రత 4.7. చాలా ప్రకంపనలు థార్సిస్ నుంచి కాకుండా, ఎలీసియం అనే ఇంకో అగ్నిపర్వత సీమలోని సెర్బెరస్ ఫోసే చీలికల నుంచి వచ్చాయి. అక్కడ ఒక నల్లటి బూడిద పరుపుకు సుమారు 50 వేల ఏళ్ల వయసే ఉండొచ్చని లెక్క కట్టారు. ఈ గ్రహం పూర్తిగా చల్లారిపోయిందని నేను ఒప్పుకోను.

ఆర్సియా మీద పొగ లేచిందని ఫొటో వచ్చింది. అది నిజమేనా?

ఫొటో నిజం, పొగ కాదు. 2018లో యూరప్ నౌక మార్స్ ఎక్స్‌ప్రెస్ చూపించిన ఆ తెల్లటి తోక 1,800 కి.మీ. దాకా సాగే మంచుమబ్బు. గాలి కొండవాలు మీదుగా పైకెక్కి చల్లబడితే అందులోని కొద్దిపాటి తేమ మంచు నలుసులవుతుంది. తెల్లవారుతూ పుడుతుంది, మధ్యాహ్నానికి కరిగిపోతుంది.

నీటి కథ ఇంతటితో అయిపోలేదు. 2024 జూన్‌లో ఇంకో వార్త వచ్చింది: థార్సిస్ కొండల నోళ్లలో తెల్లవారుజామున నీటి మంచు కనబడింది. మందం మిల్లీమీటరులో నూరో వంతు, అయినా అంత విస్తీర్ణం మీద కలిపితే లక్షన్నర టన్నుల నీరు. మధ్యరేఖ దగ్గర మంచు నిలవదనే అప్పటిదాకా అనుకున్నారు. ఆర్సియా పడమటి వాలు మీద పాత హిమానీనదాలు ఈడ్చి వదిలిన రాళ్లగట్లు 1,66,000 చదరపు కి.మీ. పైన పరుచుకుని ఉన్నాయి. నిప్పుకొండ మీద మంచునది!

అక్కడి రాయి మన చేతికి ఎప్పుడైనా వచ్చిందా?

వచ్చింది, అదీ మన దేశంలోనే. 1865 ఆగస్టు 25న బిహారులో గయ దగ్గర షెర్‌ఘాటీలో ఆకాశం నుంచి ఒక రాయి పడింది, సుమారు 5 కిలోలు. అప్పట్లో అది అంగారకుడిదని ఎవరికీ తెలియదు. అది బసాల్టు. తర్వాత అదే రకం రాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల దొరికాయి, వాటన్నిటికీ ఆ ఊరి పేరు మీదే షెర్గొట్టైట్లు అని పేరు పడింది. అంటార్కిటికాలో దొరికిన అలాంటి ఒక రాయిలో గాజు లోపల చిక్కిన వాయువును 1980ల్లో పరీక్షిస్తే, 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ నౌకలు కొలిచిన గాలితో సరిపోయింది. అట్లా పుట్టిల్లు తెలిసింది. ఏదో పెద్ద ఉల్క అక్కడ గుద్దినప్పుడు ఎగిరి, అంతరిక్షంలో లక్షల ఏళ్లు తిరిగి మన దగ్గరికి వచ్చాయి. వీటిలో ఒక గుంపు ఒలింపస్‌కు పడమర ఉన్న టూటింగ్ గుంట నుంచి వచ్చి ఉండొచ్చని గుంటల లెక్కలు సూచిస్తున్నాయి.

వేంపల్లె బసాల్టు పెచ్చును చేతికిచ్చి, ‘షెర్‌ఘాటీలో పడ్డ రాయి దీనికి దూరపు చుట్టం’ అని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. ఆ తర్వాత ఆ పెచ్చును నాకు తిరిగి ఇవ్వడానికి ఎవరికీ మనసు రాదు.

ఈ కొండలు ఉన్నాయని ఎప్పుడు తెలిసింది?

1879లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త షియాపరెల్లి ఒక తెల్లటి చుక్క చూసి ‘ఒలింపస్ మంచు’ అనే అర్థమొచ్చేలా పేరు పెట్టాడు. ఆయన చూసింది కొండ మీది మబ్బు. 1971 నవంబరులో మారినర్ 9 అక్కడికి చేరింది, వేరే గ్రహం చుట్టూ తిరిగిన మొదటి నౌక అదే. చేరేసరికి గ్రహమంతా దుమ్ముతుపాను. ఏమీ కనబడలేదు, ఆ దుమ్ములోంచి పైకి పొడుచుకొచ్చిన నాలుగు మచ్చలు తప్ప. దుమ్ము తగ్గేకొద్దీ అవి అగ్నిపర్వతపు నోళ్లని తెలిసింది. తుపానులో మునగని ఎత్తు అవి. ఆ రోజుల్లో ఆ ఫొటోల ముందు కూర్చున్నవాళ్లంటే నాకు ఇప్పటికీ అసూయే.

మన మంగళయాన్ వీటిని చూసిందా?

చూసింది. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరి 2014 సెప్టెంబరు 24న అంగారక కక్ష్యలో చేరింది. దాని రంగుల కెమెరా ఆర్సియా మాన్స్‌ను, వాలెస్ మారినెరిస్‌ను ఫొటో తీసింది. సంబంధాలు 2022లో తెగిపోయాయి. ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 జూన్‌లో థార్సిస్ ప్రాంతంలోని మూడు గుంటలకు మన పేర్లు ఖాయమయ్యాయి. 65 కి.మీ. అడ్డమున్న పెద్ద గుంటకు అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల మాజీ డైరెక్టరు దేవేంద్ర లాల్ పేరు, దాని అంచుల మీది చిన్నవాటికి ఉత్తరప్రదేశ్‌లోని ముర్సాన్, బిహారులోని హిల్సా ఊళ్ల పేర్లు. లాల్ గుంట అడుగంతా లావా కప్పేసి ఉంది, కింద మెత్తటి మట్టిపొర ఉందని రాడార్ చూపించింది. ఏదో ఒక చిన్న గుంటకు ఎప్పటికైనా వేంపల్లె పేరో, తాడిపత్రి పేరో పెట్టాలని నా కోరిక. చిన్న ఊళ్ల పేర్లు పెట్టే పద్ధతి ఎట్లాగూ ఉంది.

మా ఊరి నుంచి టెలిస్కోపులో కొండలు కనబడతాయా?

కొండ ఆకారం కనబడదు. ఎర్రటి చిన్న బిళ్ల, దాని మీద ముదురు మచ్చలు, ధ్రువం దగ్గర తెల్లటి టోపీ కనబడతాయి. గాలి నిలకడగా ఉన్న రాత్రి పెద్ద అద్దమున్న టెలిస్కోపులో థార్సిస్ మీది మబ్బులు తెల్లటి చుక్కలుగా తేలతాయి, షియాపరెల్లి చూసినవి అవే. అంగారకుడు మనకు ఎదురుగా వచ్చేది సుమారు 26 నెలలకు ఒకసారి. 2025 జనవరి 16న వచ్చాడు. మళ్లీ 2027 ఫిబ్రవరి 19న. ఆ నెలలో మన సీమలో మబ్బు ఉండదు, రాత్రంతా చూడొచ్చు.

ఇంట్లోనే కూర్చుని ఈ కొండలను చదవాలంటే?

ఫోను కంటే కంప్యూటరు మేలు. గూగుల్ ఎర్త్ ప్రోలో గ్రహం మార్చి అంగారకుడిని తెరవొచ్చు. ఇంకొంచెం లోతుగా పోవాలంటే అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంవాళ్ల జేమార్స్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేరు ఉచితం. అందులో ఎత్తుల కొలతలు, రాత్రి వేడి కొలతలు ఒకదాని మీద ఒకటి పరిచి చూడొచ్చు. మంగళయాన్ ఫొటోలు ఇస్రో డేటా కేంద్రం వెబ్‌సైటులో ఉన్నాయి.

మొదట ఒక పని చేయండి. పవోనిస్ నెమలికొండ అంచు నుంచి కిందికి ఒక లావా పాయను పట్టుకుని, అది ఎక్కడ ఆగిందో వెతకండి. పాయకు రెండు పక్కలా గట్లు కనబడతాయి, అంచులు ముందు చల్లారి కట్టుకున్న గట్లు. వాటి మధ్య కాలవ. ఒకచోట పాత పాయ మీదికి కొత్త పాయ ఎక్కి ఉంటుంది, ఏది పైనుందో చూస్తే ఏది తర్వాత వచ్చిందో తెలుస్తుంది. ఈ పని చేస్తున్నప్పుడు పక్కన ఒక వేంపల్లె రాయి పెట్టుకోండి. ఫొటో తీసి పంపిన పిల్లల పాయలన్నీ నా దగ్గర ఒక ఫైలులో ఉన్నాయి.